చిరిగిన బొమ్మ

ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసైతే కొత్త మానిటర్ కొనిస్తానని మాటిచ్చాడు తండ్రి. సికింద్రాబాద్ సీటీసీలో ధర విన్నాక గుండె గుభేలుమంది.

'పాతదానికేమైందిరా?'

'ఆట ఆడుతుంటే బొమ్మ చిరుగుతోంది నాన్నా!'

పాత తెర సెకనుకు 60 సార్లు ఠంచనుగా మారుతుంది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఆటను బట్టి ఓసారి 50, ఓసారి 90 బొమ్మలు గీస్తుంది. లెక్క కుదరక పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ అతుకులబొంతలా కనిపిస్తాయి. కొత్తరకం తెర అలా కాదు, కార్డు బొమ్మ పంపినప్పుడే మారుతుంది.

దుకాణదారు ఖరీదైన జీ-సింక్ మానిటర్ చూపించాడు. 2013లో ఎన్విడియా ప్రకటించిన ఆ పద్ధతికి మానిటర్లో ప్రత్యేక చిప్ పెట్టాల్సి వచ్చింది. ధర అందుకే ఎక్కువ. కొడుకు తల అడ్డంగా ఊపాడు. 2019 నుంచి ఎన్విడియా కార్డులు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో చాలా ఫ్రీసింక్ మానిటర్లకూ సరిపోతున్నాయి.

'పెట్టె మీద పేరొక్కటే చూస్తే చాలదు నాన్నా. కొన్ని 48 నుంచి 75 హెర్ట్జ్ దాకానే సర్దుకుంటాయి. మన కార్డుకు 48 నుంచి 144 ఉన్నది కావాలి.'

అది తండ్రి అనుకున్న డబ్బుల్లోనే వచ్చింది. ఇన్నాళ్లూ వీడికి ఆటలే లోకమనుకున్నాడాయన. నాన్న జేబు సంగతీ వాడు లెక్కేసుకున్నాడని బిల్లు కట్టేటప్పుడు తెలిసింది.