సర్దుకుంట లే అన్నా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు నాకు మొదట ఏమీ తోచలేదు. నేను కవిని కాను, ఆఫీసరును కాను. బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టర్ పని చేస్తున్నాను. 1997 నుంచి 2002 దాకా, ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఈ హాస్టల్ అన్నం తిన్నవాణ్ణి. నాకు తెలిసింది కొలతల పని. అందుకే ఒక సైకిలు కొలత గురించి రాస్తున్నాను.

నాతో చదివినవాళ్లకు నేను గుర్తుండే ఉంటాను. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ నేను 'లంబు'నే. పదో తరగతికే ఆరడుగులు దాటాను. యూనిఫారం తరగతిని బట్టి కుట్టేవారు కాబట్టి నా ప్యాంటు ఎప్పుడూ చీలమండకు నాలుగు వేళ్లు పైనే ఉండేది. దుప్పటి కప్పుకుంటే తలో కాళ్లో ఒకటే దాగేవి. ఎవరైనా నవ్వితే "సర్దుకుంట లే" అనేవాణ్ణి. నలభై మంది ఒక హాలులో పడుకునే చోట ఆ మాట రాకపోతే బతకలేం. హాస్టల్ నాకు నేర్పిన మొదటి విద్య అదే.

పదో తరగతిలో మా మేనమామ తన కొడుకు వాడి వదిలేసిన చిన్న సైకిలు ఇచ్చాడు. సంతోషం పట్టలేకపోయాను. కానీ తొక్కుతుంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలేవి, రాత్రికి మోకాలి చిప్ప ముందు భాగం సలిపేది. ఉపాయంగా సీటు పైకి లాగాను. సీటు పిల్లర్ మీద ఒక గీత ఉంటుంది. అది ఫ్రేము లోపలే ఉండాలి, బయట కనబడేదాకా లాగకూడదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

2002 మార్చి, పబ్లిక్ పరీక్షల్లో లెక్కల రోజు. దారిలో ఒక గుంతలో సైకిలు ఎగిరిపడింది. పిల్లర్ వంగిపోయి, సీటుతో పాటు నేనూ రోడ్డు మీద పడ్డాను. గడ్డం చీలింది. రుమాలు అదిమిపెట్టుకుని సెంటరుకు ఆలస్యంగా చేరాను. చివరి రెండు లెక్కలు ముట్టుకోకుండానే పేపరు ఇచ్చేశాను. పాసయ్యాను గానీ, ఆ రెండు లెక్కలూ నాకు వచ్చినవే. మరునాడు సైకిలు షాపు తాత వంగిన పిల్లర్ చూసి, "సీటు లేపితే బండి పెద్దదైతదా బిడ్డా?" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

పోయిన ఏడాది ఎక్కింది. మన హాస్టల్‌లోనే చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చేస్తున్న ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. ఆరడుగుల రెండు అంగుళాలు ఉంటాడు, నన్ను నేను చూసుకున్నట్టే అనిపించింది. స్నేహితుడి బీఎంఎక్స్ సైకిలు మీద ఖాళీ స్థలంలో గెంతడం, గాలిలో తిరగడం నేర్చుకున్నాడట. ఆదివారాలు ఫంక్షన్ హాళ్లలో వడ్డనకు వెళ్లి ఏడు నెలల్లో ఎనిమిది వేలు కూడబెట్టాడు. "సెకండ్ హ్యాండ్ బండి దొరికింది, తోడు రా అన్నా" అన్నాడు.

ఆ సైకిలును చూసి చాలామంది పిల్లల బండి అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 1970ల మొదట్లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో మోటారు సైకిలు పందేలు చూసిన పిల్లలు తమ చిన్న సైకిళ్లను మట్టి దిబ్బల మీద అలాగే దూకించడంతో ఈ ఆట పుట్టింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో దీని పందెం చేరింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో విన్యాసాల పోటీ కూడా చేరింది. పెద్దవాళ్లు తొక్కే బండే ఇది. చక్రం మాత్రం చిన్నది, 20 అంగుళాలు.

తిరకాసంతా అక్కడే ఉంది. అమ్మే అబ్బాయి, "టైరు 20, అందరికీ ఇదే సైజు" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు. విన్యాసాలు చేసే బండికి పొట్టివాడికైనా పొడుగువాడికైనా మామూలుగా అదే చక్రం. మారేది ఫ్రేములోని పై పైపు పొడవు. హ్యాండిల్ దిగే గొట్టం మధ్య నుంచి సీటు గొట్టం మధ్య దాకా దాన్ని కొలుస్తారు. మన పాత నల్ల సైకిళ్లకు 22, 24 అని చెప్పేది సీటు కింది నిలువు పైపు కొలత. బీఎంఎక్స్‌కు ఆ లెక్క పనికిరాదు. దీన్ని ఎక్కువగా నిలబడే తొక్కుతారు, సీటు కిందికే ఉంచుతారు. కాబట్టి సీటు ఎంత లేపినా లాభం లేదు. చేతులకూ మోకాళ్లకూ మధ్య చోటు ఇచ్చేది ఆ పై పైపే.

జేబులోంచి టేపు తీసి కొలిచాను. 20.25 అంగుళాలు. అయిదున్నర అడుగులలోపు వాళ్లకు సరిపోయే కొలత. ఆరడుగులు దాటినవాళ్లు సాధారణంగా 21 నుంచి 21.5 మధ్య చూసుకుంటారు. తేడా ఒక్క అంగుళమే. కానీ తమ్ముడు పెడల్స్ మీద నిలబడి హ్యాండిల్ తిప్పగానే మోకాలు ఠక్కున తగిలింది, నడుము విల్లులా వంగింది. నేను కళ్లతోనే వద్దన్నాను.

"సర్దుకుంట లే అన్నా" అన్నాడు.

నా చేయి నాకు తెలియకుండానే గడ్డం మీది మచ్చ దగ్గరికి పోయింది. సీటు పిల్లర్ సంగతి, ఆ రెండు లెక్కల సంగతి అక్కడే నిలబడి చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాడు చాలాసేపు ఆ బండి వంకే చూశాడు. ఏడు నెలల కోరిక కదా! చివరికి డబ్బు జేబులోనే ఉంచుకుని తిరిగొచ్చాం. బస్సులో నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత తప్పు నాదైంది. "పొడుగువాడివి, అన్నిటికన్నా పెద్దదే కొను" అని 21.5 ఫ్రేము చూపించాను. ఒక గంట తొక్కి వచ్చి, "చోటు బాగుంది గానీ ముందు చక్రం లేపాలంటే నాతో కొట్లాడుతోంది అన్నా" అన్నాడు. పై పైపు పొడవైతే నిలకడ ఎక్కువ, తిప్పడం కష్టం. గెంతులు వేసేవాడికి రెండూ కావాలి. చిన్నది పట్టనట్టే పెద్దదీ పట్టదని ఫిట్టర్నయిన నాకు వాడే నేర్పాడు. మరో నాలుగు నెలలు వడ్డనకు పోయి, 21.25 ఫ్రేము ఉన్న బండి వాడే వెతుక్కుని కొన్నాడు. హ్యాండిల్ మాత్రం ఎత్తు ఎక్కువున్నది వేయించాడు. తొమ్మిది అంగుళాల హ్యాండిల్ బదులు పది అంగుళాలది వేస్తే పొడుగువాడి నడుముకు హాయి. మిగిలిన డబ్బుతో హెల్మెట్ కొన్నాడు. ఇప్పుడు నిటారుగా నిలబడి తొక్కుతాడు. చూడముచ్చటగా ఉంటుంది.

తమ్ముళ్లారా, సర్దుకోవడం తప్పని నేను అనను. చోటు దగ్గర, కూర దగ్గర, బకెట్ నీళ్ల దగ్గర సర్దుకోవాలి. మనం కాస్త తగ్గితే పక్కవాడికి చోటు దొరుకుతుంది. కానీ కొలత కుదరని బండి మీద సర్దుకుంటే ఎవరికి లాభం? మోకాళ్లు మనవి, పడేదీ మనమే. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ పనికి పోవాలి అనేది కూడా అలాంటిదే. "దొరికింది చాలు" అనే ముందు ఒక్కసారి ఎక్కి చూడండి, తిప్పి చూడండి. తగులుతుంటే తగులుతోందని నోరు తెరిచి చెప్పండి. పొడుగ్గా ఉండటం మన తప్పు కాదు.

వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఒక టేపు తెస్తున్నాను. స్టోర్ రూం తలుపు పక్కన మేకుకు తగిలిస్తాను. యూనిఫారం కొలతలకైనా, సైకిలు కొలతలకైనా వాడుకోండి. పోగొట్టకండి.

ఇట్లు
మీ లంబు అన్న
పూర్వ విద్యార్థి, 2001-02 పదో తరగతి బ్యాచ్