మార్చి డబ్బు, జులై వాన

ఉక్కు కర్మాగారం అకౌంట్స్ విభాగంలో ముప్ఫై మూడేళ్లు కోట్ల లెక్కలు చూశాను. పాతికవేల లెక్క అంతకంటే కష్టమని రిటైరయ్యాకే తెలిసింది. శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్‌కు వలసవచ్చిన కుటుంబాల్లో మాది మూడో తరం. మా బస్తీ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు సాయమడిగితే వారానికోసారి వెళ్లి ఖాతాలు చూస్తున్నాను.

సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల గ్రాంటు. జార్ఖండ్‌లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. కనీసం పదోవంతు పారిశుధ్యానికి పోవాలి. మిగిలేది నెలకు 1,875 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిల్లర మరమ్మతులు అన్నీ అందులోనే.

చిక్కల్లా డబ్బు వచ్చే వేళతోనే. చాలా బడులకు గ్రాంటు ఏడాది ద్వితీయార్ధంలోగాని అందడం లేదని 2009లో మొదలైన పైసా సర్వేలే చెప్పాయి. 2021లో ఏక నోడల్ ఖాతా పద్ధతి వచ్చాక బడి ఖాతాలో నిల్వ ఉండటం మానేసి, ఖర్చు పరిమితి మాత్రం కనిపిస్తోంది. మా బడికి నిరుడు అది ఫిబ్రవరిలో కనిపించింది. మార్చి 31లోగా వాడెయ్యాలి. కప్పు కారింది మాత్రం జులైలో.

అప్పుడు మాస్టారు అరువు మీద రేకులు తెచ్చారు. డబ్బు వచ్చాక దుకాణదారు ఫిబ్రవరి తేదీతో బిల్లు రాసిస్తానన్నాడు. అందరూ అలాగే చేస్తారట. నేను ఒప్పుకోలేదు. నిజాయితీగా పెట్టిన ఖర్చుకు దొంగ బిల్లు ఎందుకు? జులైలోనే యాజమాన్య కమిటీ చేత అరువు తీర్మానం రాయించి ఉన్నాం. అసలు బిల్లుకు దాన్ని జతచేశాం. పై ఆఫీసులో గొణిగారు గానీ తిప్పి పంపలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. మా తల్లులు చదవకుండానే సంతకాలు పెట్టేవారు. ఇప్పుడు వచ్చిందెంత, ఖర్చెంత అన్నది మాస్టారు వరండా గోడ మీద హిందీలో రాస్తున్నారు. మొదటి నెలలోనే ఒకామె నిలదీసింది: ‘‘బకెట్లు కొన్నారు సరే, ఎక్కడున్నాయి?’’ తాళం వేసిన స్టోరు గదిలో దొరికాయి.

ఇద్దరే టీచర్లున్న బడి ఇది. ఒకరు బ్యాంకుకో, ఆఫీసుకో వెళ్తే ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి. ఆ నష్టం ఏ వోచరులోనూ ఎక్కదు. వానలకు ముందే సగం గ్రాంటు, పది బడులకో లెక్కల గుమాస్తా ఇస్తే చాలు, మాస్టారు పాఠం చెప్పుకుంటారు.