వేషం కట్టిన భోజనశాలలు

మన హైదరాబాదులో బొమ్మరైలు వచ్చి ఇడ్లీ పళ్లెం మన ముందు ఆపి పోయే హోటళ్లు వచ్చాయి. కటకటాల గదిలో కూర్చోబెట్టి ఖైదీలకు వడ్డించినట్టు వడ్డించే హోటళ్లూ వచ్చాయి. వీటిని 'థీము' రెస్టారెంట్లు అంటున్నారు. తెలుగు ఎం.ఏ. చదివి పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక, ఈ 'థీము'కు తెలుగేమిటా అని కొంతకాలం ఆలోచించాను. 'ఇతివృత్తం' అంటే సరిపోతుంది గాని, ఇతివృత్తపు భోజనశాల అంటే అక్కడ ఏదో కావ్యం వడ్డిస్తారనుకుంటారు జనం. అందుచేత నా మటుకు నేను 'వేషం కట్టిన భోజనశాల' అని పెట్టుకున్నాను. వీటికి పుట్టిల్లు కాకపోయినా అత్తవారిల్లు లాంటిది అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం. అక్కడి ఆర్లెండో పట్టణం పక్కన డిస్నీ వరల్డు వుంది. దాని లోపలా, వెలుపలా కూడా వేషం కట్టిన భోజనశాలలే.

2023 మే నెలలో నేనూ మా అమ్మా అక్కడికి వెళ్లాము. మా తమ్ముడు టాంపాలో వుంటాడు. అక్కడి నుంచి డిస్నీ వరల్డు కారులో గంటన్నర దారి. వాడు ఇండియా వచ్చి అయిదేళ్లు దాటింది. ఆ అయిదేళ్ల బాకీ ఆరు వారాల్లో తీర్చుకోవాలని వాడి ఆరాటం. అమ్మకు అన్నీ చూపించాలి, అన్నీ తినిపించాలి. చూడటానికి అమ్మకు అభ్యంతరం లేదు. తినడమే వచ్చిన చిక్కు. డెబ్బయి నాలుగేళ్ల మనిషి, నీసు వాసన పడదు, గుడ్డు తగిలిన రొట్టె కూడా ముట్టదు. వచ్చినప్పటి నుంచీ బయటికి వెళితే పెరుగన్నం డబ్బా, రెండు అరటిపళ్లు. డబ్బా మూత తీసినప్పుడల్లా మా తమ్ముడి మొహం చూడాలి!

ఇంకొకటి కూడా వుంది. తమ్ముడి కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడు చేత్తో అన్నం తినడం చూసి బడిలో ఎవరో నవ్వారట. అప్పటి నుంచీ ఇంట్లో పప్పన్నం కూడా చెంచాతోనే. నానమ్మ ఆవకాయ కలిపి ముద్ద పెట్టబోతే చెంచా ఎత్తి చూపించాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ ముద్ద తనే తినేసింది.

సరే, లోపలా వెలుపలా అన్నాను గదా, ఈ తేడా ఎలా వచ్చిందో చెప్పాలి. వాల్ట్ డిస్నీ గారు 1955లో కాలిఫోర్నియాలో మొదటి డిస్నీలాండు తెరిచినప్పుడు చేతిలో వున్న స్థలం కొద్దిపాటిది. జనం విరగబడి వచ్చారు. వచ్చినవాళ్లు తినడానికీ పడుకోవడానికీ ప్రహరీ గోడ అవతల హోటళ్లు వరసగా లేచాయి. తిరనాళ్లు ఆయనవి, మిఠాయి దుకాణాల లాభం ఊళ్లోవాళ్లది అయింది. ఈసారి అలా జరగకూడదని ఫ్లోరిడాలో మారుపేర్ల కంపెనీలు పెట్టించి, ఎవరికీ తెలియకుండా సుమారు 27 వేల ఎకరాలు కొనిపించాడు. మొత్తం ఖర్చు 50 లక్షల డాలర్లు. సంగతి బయటపడింది 1965లో. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఉద్యానం తెరిచింది 1971 అక్టోబరు 1న. ఇంత చేసినా ఆ 27 వేల ఎకరాల అంచున మళ్లీ హోటళ్లు మొలిచాయి. 192 నంబరు రోడ్డూ, ఇంటర్నేషనల్ డ్రైవు అనే వీధీ అలా పెరిగినవే. ఆకలిగొన్న జనం వున్నచోట పొయ్యి వెలిగించకుండా ఎవరు ఆపగలరు?

లోపలి భోజనానికి పెళ్లి ముహూర్తానికి పడినంత శ్రమ పడాలి. 60 రోజుల ముందే బల్ల ఖాయం చేసుకోవాలి. చేసుకుని వెళ్లకపోతే మనిషికి 10 డాలర్ల చొప్పున జరిమానా వేసే చోట్లు చాలా వున్నాయి. మా మరదలు తెల్లవారకుండా లేచి, కంప్యూటరు ముందు కూర్చుని రెండు చోట్ల సంపాదించింది. సిండరెల్లా కోటలోని భోజనశాలలో మాత్రం చోటు దొరకలేదు. దొరకనందుకు నాకేమీ విచారం లేదు గాని, దాని పేరు కథ మాత్రం సరదా అయినది. 1971లో తెరిచినప్పుడు దానికి 'కింగ్ స్టెఫాన్' పేరు పెట్టారు. ఆ రాజుగారు సిండరెల్లా కథలోవాడు కాదు. నిద్రపోయే రాకుమారి కథలో ఆ పిల్ల తండ్రి. శకుంతల పర్ణశాలలో దశరథుడి పేర సత్రం కట్టినట్టు! 1997లో గాని పేరు మార్చి సిండరెల్లా పేరు పెట్టలేదు.

మాకు దొరికిన మొదటిది 'ఫిఫ్టీస్ ప్రైమ్ టైమ్ కేఫ్'. 1989లో తెరిచారు. లోపలికి అడుగుపెడితే 1950ల నాటి అమెరికా వంటిల్లు. నునుపు రేకు బల్లలు, గోడలకు పాత కాగితాలు, మూలమూలనా చిన్న టెలివిజన్లు. వాటిలో ఆ కాలపు నలుపు తెలుపు హాస్య నాటికలు. ఇంతవరకూ అలంకారమే. అసలు సంగతి వడ్డించేవాళ్లది. వాళ్లు నౌకర్లు కారు, మన చుట్టాలు. మాకు వచ్చినావిడ తాను అత్తయ్యనని చెప్పుకుని, చేతులు కడుక్కున్నారా అని ఆరా తీసింది. మా తమ్ముడు బల్ల మీద మోచేతులు ఆనించాడని కసిరింది. వాడికి నలభై ఏళ్లు, కంపెనీలో పదిమంది మీద అధికారి. బుద్ధిగా మోచేతులు తీశాడు.

అమ్మ నన్ను అడిగింది, "ఎవర్రా ఈవిడ? ఎందుకు కేకలేస్తోంది?" అని.

"మనకు అత్తయ్య వరసట అమ్మా" అన్నాను.

"అత్తయ్యయితే మారు వడ్డించాలిగా?"

ఈ ప్రశ్నకు ఆ భోజనశాలలో జవాబు లేదు. మారు వడ్డన లేదు. పెట్టినంతా తినమని గద్దించడం వరకే ఆ అత్తయ్య పాత్ర. అమ్మకు మాత్రం వేషం తీసేసి, నిజమైన మనిషిగా వచ్చింది. ఏమి తినరో అడిగి తెలుసుకుని, వంటమనిషినే బల్ల దగ్గరికి పిలిపించింది. అతను మాంసం, గుడ్డు తగలకుండా ఉడికించిన కూరగాయలూ, బంగాళాదుంపలూ విడిగా చేయించి పంపాడు. లోపలి భోజనశాలల్లో ఈ శ్రద్ధ మెచ్చుకోవలసిందే. ఉప్పు తక్కువని అమ్మ అన్నది గాని, పళ్లెం ఖాళీ చేసింది. ఆ పూట పెరుగన్నం డబ్బా తెరవలేదు.

పిల్లవాడు చిక్కుళ్లు వదిలేశాడు. అత్తయ్య చూసింది. ఫోర్కుకు నాలుగు చిక్కుళ్లు గుచ్చి, విమానం చప్పుడు చేస్తూ గాలిలో తిప్పి వాడి నోటి దగ్గరికి తెచ్చింది. వాడు నవ్వుతూ నోరు తెరిచాడు. నేను అమ్మ వంక చూడలేదు.

రెండవది అక్కడికి దగ్గరలోనే వున్న 'సైఫై డైన్ ఇన్'. 1991 నాటిది. కారులో కూర్చునే సినిమా చూసే పద్ధతి అమెరికాలో 1933లో, న్యూజెర్సీ రాష్ట్రంలో మొదలయింది. ఆ ముచ్చటను ఇక్కడ గదిలో కట్టారు. పైన చీకటి ఆకాశం, చుక్కలు. ఎదురుగా తెర, దాని మీద గ్రహాంతర రాక్షసుల పాత సినిమా ముక్కలు. బల్లలన్నీ పైకప్పు లేని కార్లు. వేషం అద్భుతం! కాని కారులో అందరూ ముందుకే చూస్తూ కూర్చోవాలి. ఒకరి వీపు ఒకరికి కనిపిస్తుంది. అయిదేళ్ల తరువాత కలిసిన తల్లీ కొడుకులు ముందు వరసలో ఒకరూ వెనక వరసలో ఒకరూ కూర్చుని, మాటలు లేకుండా రాక్షసులను చూశారు. బంధువులతో వెళ్లేవారికి ఇది నేను చెప్పను. భార్యతో పోట్లాడిన రోజున వెళ్లవచ్చు.

1982లో తెరిచిన ఎప్‌కాట్ అనే మరో ఉద్యానంలో ఒక చెరువు చుట్టూ పదకొండు దేశాలు కట్టి, ఒక్కొక్క దేశానికీ దాని వంట పెట్టారు. మెక్సికోకు పిరమిడు, దానిలోపల ఎప్పుడూ సంధ్యా సమయమే. పక్కన పడవలు పోతుంటాయి. పదకొండింటిలో మనదేశం లేదు. అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పింది.

లోపలి వాటిలో ఒక సౌకర్యం వుంది, ఒక లోపం వుంది. టిక్కెట్టు నూరు డాలర్ల పైన పోసి లోపలికి వచ్చినవాడు ఆ కథను ముందే నమ్మి వస్తాడు. భోజనశాల వాడు కొత్తగా నమ్మించనక్కర్లేదు, కనుక కేకలు వేయకుండా, తాపీగా నాటకం ఆడతాడు. లోపం ఏమిటంటే, నచ్చకపోతే లేచి పక్క హోటలుకు పోయే వీలు మనకు లేదు. ఆ సంగతి వాడికీ తెలుసు, ధరల పట్టికకూ తెలుసు.

గడప దాటితే రంగు మారుతుంది. యానిమల్ కింగ్‌డమ్ వాకిట్లోనే 'రెయిన్ ఫారెస్టు కేఫ్' వుంది. వాకిలి డిస్నీది, హోటలు వేరే కంపెనీది. లోపల ప్లాస్టిక్కు అడవి. ఉండి ఉండి ఉరుము ఉరుముతుంది, మెరుపులు మెరుస్తాయి, బొమ్మ గొరిల్లాలు గుండెలు బాదుకుంటాయి. మాట వినపడాలంటే మనమూ ఉరమాలి. కాఫీ తాగి వచ్చేశాము.

192 రోడ్డు మీద వేషాలు ఇంకా మోటు. సగానికి కోసిన నారింజపండు ఆకారంలో ఒక పెద్ద దుకాణం, ఐస్‌క్రీము గొట్టం ఆకారంలో ఐస్‌క్రీము కొట్టు. కారు అరవై మైళ్ల వేగంతో పోతున్నా బుర్రకు తగలాలి గదా! ఆ రోడ్డు మీదే కిసిమ్మీ అనే ఊళ్లో 'మెడీవల్ టైమ్స్' వుంది. స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు 1983లో పెట్టారు. అమెరికాలో వాళ్ల మొదటి కోట అదే. ఇసుక పరచిన అంకణం, చుట్టూ మెట్లమెట్లుగా బల్లలు. కూర్చున్నవారిని రంగులవారీగా విడదీసి, నెత్తిన కాగితపు కిరీటం పెడతారు. ఆరు రంగులకు ఆరుగురు వీరులు. ఎవరి రంగు వీరుడికి వారు జేజేలు కొట్టాలి. వీరులు గుర్రాల మీద బల్లెం పట్టుకుని ఢీకొంటారు. గుర్రాలు మాత్రం వేషం కాదు, నిజమైన ఆండలూసియా జాతివి. అవి అడుగులో అడుగు వేసి నాట్యం చేస్తుంటే ఆ ఇసుక కంపూ, గోలా అన్నీ మరిచిపోయాను.

ఇక భోజనం. మధ్యయుగంలో ఫోర్కులు లేవని ఇక్కడ చెంచా, ఫోర్కు ఇవ్వరు. టొమాటో చారు లాంటిది పిడి వున్న గిన్నెలో పోస్తారు, ఎత్తుకుని జుర్రుకోవాలి. కాల్చిన కోడి, జొన్నపొత్తు, బంగాళాదుంప, అన్నీ చేత్తోనే. శాకాహారులు ముందే చెప్పుకుంటే వారికి వేరే పళ్లెం వస్తుంది. మాకు చిక్కుడు గింజల కూరా అన్నమూ వచ్చాయి. అమ్మ చుట్టూ చూసింది. వందల మంది దొరలూ దొరసానులూ, వారి పిల్లలూ మోచేతి దాకా జిడ్డు చేసుకుని తింటున్నారు. అమ్మ అన్నంలో కూర కలిపింది, వేళ్లు అంటకుండా, అరచేయి తడవకుండా, ఎప్పుడూ కలిపినట్టే.

పిల్లవాడు కొంతసేపు చెంచా కోసం వెతికాడు. ఇవ్వరని తెలిసింది. పక్కన వాడి ఈడు పిల్లవాడొకడు అన్నీ ఒలకబోసుకుంటున్నాడు. మావాడు నానమ్మ చేతివంక చూసి, "హౌ డూ యూ నాట్ స్పిల్?" అన్నాడు. అమ్మకు ఇంగ్లీషు రాదు. వాడి చేయి పట్టుకుని బొటనవేలు ఎలా తోయాలో చూపించింది. రెండో ముద్దకు వచ్చేసింది. మూడో ముద్ద దగ్గర మా రంగు వీరుడు గుర్రం మీది నుంచి పడ్డాడు. వాడు పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చాక మర్నాడు పప్పన్నానికి మళ్లీ చెంచా పట్టాడనుకోండి. ఒక్కరాత్రి నాటకంతో అలవాట్లు పోతాయా?

చివరి వారంలో మరో చోటుకు వెళ్లాము. ఇది లోపలా కాదు, వెలుపలా కాదు. డిస్నీ వారిదే గాని ఉద్యానం టిక్కెట్టు అక్కర్లేదు. వారి ఆఫ్రికా వసతి గృహంలో, 2009లో తెరిచిన 'సనా' అనే భోజనశాల. ఆఫ్రికా వంటకు హిందూదేశపు మసాలా కలిపారు. కిటికీ అద్దాల అవతల పచ్చికలో జిరాఫీలూ జీబ్రాలూ మేస్తుంటాయి. ఉరుములు లేవు, మెరుపులు లేవు, అత్తయ్యలు లేరు. ఒక పళ్లెం నిండా నానురొట్టెలు, కూడా తొమ్మిది చిన్న గిన్నెల్లో పచ్చళ్లూ పెరుగుపచ్చడీ వగైరా తెస్తారు. నానుపిండిలో గుడ్డు కలుపుతారేమోనని మా మరదలు ముందే అడిగి, అమ్మకు పనికొచ్చేవి విడిగా పెట్టించింది. చింతపండు పచ్చడి నాలుక మీద వేసుకుని అమ్మ, "బెల్లం ఎక్కువైంది, పులుపు మంచిదే" అన్నది. ఆరు వారాల్లో బయటి వంటకు తీర్పు చెప్పడం అదే మొదలు. మా తమ్ముడు మరో పళ్లెం తెప్పించాడు. అలా మారు వడ్డన కూడా అయింది.

చీకటి పడుతుంటే జిరాఫీలు చెట్ల వెనక్కి వెళ్లిపోయాయి. పిల్లవాడు రొట్టెలు అయిపోయాక మామిడిపచ్చడి గిన్నె దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి చుట్టూ తుడిచి నాకాడు. వాళ్ల అమ్మ ఏదో అనబోయింది. మా అమ్మ బల్ల కింద ఆమె మోకాలి మీద చేయి వేసింది.