వంత పాడేవాళ్ళ పేర్లు

ఈసారి పల్లవి, చరణం ఏమీ లేని ఒక ఆల్బమ్ గురించి రాస్తున్నా.

పేరు ‘డే ఆఫ్ నయాగరా’. 1965 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. 31 నిమిషాలు. లామాంట్ యంగ్, మరియన్ జజీలా గొంతు, టోనీ కాన్రాడ్ వయొలిన్, జాన్ కేల్ వయోలా, ఆంగస్ మెక్లీజ్ తాళవాద్యం. కొన్ని స్వరాలను పట్టుకుని అక్కడే నిలబడతారు. దీన్ని డ్రోన్ సంగీతం అంటారు. మన తంబురా చేసే పని అదే. నాదర్‌గుల్ నుంచి ఎల్బీనగర్ పోయే బస్సులో విన్నాను. కాసేపు ఇంజన్ మోత ఏదో, వయోలా ఏదో తెలియలేదు. తర్వాత ఒక్కో తీగ విడిగా వినబడింది.

ఇది 2000లో విడుదలయ్యాక పాత తగువు మళ్ళీ రాజుకుంది. ఈ సంగీతం కర్తను నేనే అన్నాడు యంగ్. అందరం కలిసి చేశాం అన్నారు కాన్రాడ్, కేల్.

నాకు ఆ తగువే ముఖ్యం. శ్రుతి పట్టేవాళ్ళు లేకుంటే పాట నిలవదు. మరి తెలుగులో ‘వంత పాడటం’ ఎందుకు తిట్టయింది? ‘డప్పు కొట్టడం’ ఎందుకు ఎగతాళి అయింది? జాతీయాల పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలను ఇదే అడుగుతా. ఆ పని ఎవరు చేశారో చూడండి, జవాబు అక్కడే ఉంది.

కిన్నెర మీటి మా మాదిగలకు జాంబపురాణం చెప్పింది డక్కలి వాళ్ళు. మా పుట్టుక కథను తరతరాలు మోసినవాళ్ళను మా వాడ కూడా బయటే ఉంచింది. ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట.

పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్య గారిది. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో మా పక్కనున్న తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టే చోట కూలి చేస్తూ కనబడ్డారు. పేరొచ్చిన మనిషికే కూలి తప్పలేదు. పేరే రాయని వాళ్ళ సంగతేంది?

న్యూయార్క్ వాళ్ళకు కొట్లాడటానికి ఒక టేపు మిగిలింది. మనవాళ్ళకు అదీ లేదు. అందుకే మన సభల వీడియోల కింద పాడినవాళ్ళ పేరొక్కటే రాసి వదిలేయకండి. వంత పట్టినవాళ్ళ పేర్లు, డప్పు కొట్టినవాళ్ళ పేర్లు, ఊరితో సహా రాయండి. పైసలొస్తే వాటా ఇవ్వండి.

జై భీమ్.