పచ్చగానే ఉంటుంది... చౌకగా ఉంటుందా?

‘‘మీకేంటండీ, కోనసీమవాళ్లు! పెరట్లో కొబ్బరి, గట్టుమీద అరటి, గుమ్మం ముందు గోదారి... ఇంక ఖర్చేముంటుంది?’’ హైదరాబాద్‌లో మా ఊరిపేరు చెప్పగానే ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. వాళ్లు చూసింది సినిమాల్లో కోనసీమ మరి!

చూడ్డానికైతే నిజంగానే పైసా ఖర్చులేదు. రావులపాలెం దాటి కాలువ గట్టెక్కితే చాలు, కొబ్బరిచెట్లు రోడ్డుమీదికి వంగి గొడుగు పడతాయి. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. అంతర్వేది దగ్గర వసిష్ఠ కడలిలో కలిసే చోట సాయంత్రం నిలబడితే టైము తెలీదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలువలు పారి, ఈ నేలకు ఇంత పచ్చదనం వచ్చింది.

ఇంటి అద్దెలు నగరంతో పోలిస్తే తక్కువే. మునక్కాడలు, అరటిపువ్వు, కంద ఎవరి పెరట్లోంచో వచ్చేస్తాయి. పులస సంగతి వదిలేయండి, పుస్తెలమ్మైనా తినాలన్నారు కానీ ఇప్పుడు పుస్తెలు కూడా చాలవేమో!

అసలు ఖర్చు కంటికి కనపడదు. పల్లపు నేల కదా, ఇల్లు కట్టాలంటే ముందు లారీలకొద్దీ మట్టితోలి మెరక చేయించాలి. పునాదికి ముందే సగం అప్పు! చుట్టూ నీళ్లే, సముద్రం దగ్గరి ఊళ్లలో బోరేస్తే ఉప్పన. తాగడానికి టిన్ను కొనాల్సిందే. పెద్ద జబ్బు చేస్తే కాకినాడో రాజమండ్రో పరుగు. అమలాపురానికి ఇంకా రైలే రాలేదు. లంకల్లో వాళ్లకైతే వానాకాలం బడికైనా, ఆసుపత్రికైనా పడవే గతి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ పడవలే ప్రాణాలు నిలబెట్టాయి.

ఇక కొబ్బరి. ఫొటోలకు అందమిచ్చే ఈ చెట్టే ఇంటిని నడపాలి. మా బాబాయ్‌ది రెండెకరాల తోట. ‘‘కాయ చెట్టుమీద ఉన్నంతసేపే నాదిరా, కిందికొస్తే అందరిదీ’’ అంటాడు. దింపు తీసినవాళ్లకు, మోసినవాళ్లకు, వలుపు కూలీకి ఇచ్చాక మిగిలితే ఇంటికి. అంబాజీపేట మార్కెట్లో వెయ్యికాయల లెక్కన ధర పలుకుతుంది. బాగా పలికిన ఏడాది చెట్టున కాయ ఉండదు, కాయ ఉన్న ఏడాది అడిగేవాడుండడు. పైగా చెట్టెక్కేవాళ్లు తగ్గిపోయారు. అంత ఎత్తెక్కే పని తమ పిల్లలకొద్దని వాళ్లనుకుంటే తప్పుపట్టగలమా?

1996 నవంబరు తుపానులో తోటలకు తోటలే నేలకూలాయి. మళ్లీ మొక్కనాటి కాపుకొచ్చేదాకా ఏళ్లకేళ్లు ఆగాలి, ఈలోగా ఇల్లు గడవాలి కదా! వరి చేసినవాళ్లు 2011లో పెట్టుబడైనా రావట్లేదని ఏకంగా పంట విరామమే ప్రకటించారు. ‘అన్నపూర్ణ’ అని పిలిచే నేలమీద సాగు మానేస్తామన్నారంటే ఎంత విసిగిపోయి ఉండాలి! ఇప్పుడు శంకరగుప్తం డ్రెయిన్ వైపు వెళ్లి చూడండి. సముద్రపు నీరు ఎగదన్ని, తలలు వాలిపోయి మోళ్లయిన కొబ్బరిచెట్లు వరసగా కనిపిస్తాయి. ఆ పక్కనుంచి ఫొటో తీసుకోవడానికి ఎవరూ ఆగరు.

అయినా సంక్రాంతికి ఊరు నిండిపోతుంది. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలు చూసి, మర్నాడు సగంమంది బస్సెక్కేస్తారు. అంతదాకా ‘ఇక్కడే ఉండిపోతే బావుణ్ను’ అన్నవాళ్లే! ఉద్యోగం ఉంటే మాత్రం ఉండిపోయేవాళ్లే, అది నాకూ తెలుసు.

మా బాబాయ్ ఈసారి దింపు తీసిన కాయలు అమ్మలేదు. కురిడీ అవుతుందని అటకెక్కించాడు. నీరింకి, లోపల గుండు కదిలి, మార్కెట్టుకు వెళ్లేసరికి పదినెలలో, ఏడాదో. పిన్ని మాత్రం రోజూ ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి చూస్తోంది.