నాలుగు విడుదులు

యాత్ర యనగా కాశీ రామేశ్వరములు. అంత దూరము పోలేనివారికి సింహాచలము, అన్నవరము. మా యత్తగారి నిఘంటువులో నా మాటకు వేఱర్థము లేదు. దేవుడు లేని చోటికి డబ్బు పెట్టి పోవుట, పోయి యచట రెండు రాత్రులు నిద్రచేసి వచ్చుట ఆమె యెఱుగని పని. అట్టి యామెను వెంటబెట్టుకొని మేము గడచిన దసరా సెలవులలో హైదరాబాదు చేరువనున్న రామోజీ ఫిలిం సిటీకి పోయి వచ్చితిమి. అచటి వింతల నన్నిటిని వర్ణించుట నా యుద్దేశము కాదు. అవి చూచినవారు మీలో ననేకులుందురు. నేను చెప్పదలచినది అచటి విడుదులను గూర్చియు, వానిలో నొకదానియందు నేను చేసిన తెలివితక్కువ పనిని గూర్చియు.

మాది విశాఖపట్టణము. పట్టణమన్న మాటయే గాని మేముండునది గాజువాకలో, ఉక్కు కర్మాగారమునకు చేరువ. మావారు బడిలో లెక్కలు చెప్పుదురు. పండ్రెండేండ్ల కూతురు, ఎనిమిదేండ్ల కొడుకు, అత్తగారు, నేను – ఇది మా సంసారము. నాకు బడి చదువు లేదు. మా తండ్రిగారు ప్రతి యుదయము వసారాలో కూర్చుండబెట్టి భారతమును, మనుచరిత్రమును చెప్పగా నేర్చిన చదువే నాది. అది జీతము తెచ్చు చదువు కాదు గాని, సమయమున కొక పోలికను మాత్రము తెచ్చి పెట్టును. ప్రవరుడు పాదలేపము పూసికొని హిమాలయమునకు పోయెను గదా; అది మంచునకు కరగిపోగా నింటికి రాలేక చిక్కుపడెను. మాకు పాదలేపము మావారి జీతము. అది ప్రతి నెల యిరువదవ తేదీకి ఏ మంచును తాకకయే కరగిపోవును. కావున నెచటికి పోవలెనన్నను తిరుగు ప్రయాణపు టిక్కెట్లు ముందుగా కొనుట మా యింటి యాచారము.

మా యమ్మాయి తరగతిలో నొక పిల్ల వేసవిలో తల్లిదండ్రులతో పోయి ఆ చిత్రనగరమున సితార యను హోటలులో దిగినదట. ఆ గది కిటికీ యెంత, ఆ మెత్తలెన్ని, ఆ స్నానపు తొట్టి యెట్టిది యని ఆ పిల్ల చెప్పిన మాటలు మా యింట రెండు నెలలు మ్రోగినవి. “మనము కూడా సితారలోనే కదమ్మా?” యని మాది యడిగెను. మావారు కాగితముపై నాలుగంకెలు వేసి, క్రింద గీత గీచి, మాటాడక కాగితమును నా వైపు త్రిప్పిరి. నేను చదివి మరల వారి వైపు త్రిప్పితిని. శాంతినికేతనమని నిశ్చయమైనది. అది యదే నగరమున కొలది ఖర్చుతో వచ్చువారికై కట్టిన విడిది. అమ్మాయి యేడువలేదు. ఏడ్చినను బాగుండెడిది.

సాయంకాలము గోదావరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, మఱునాటి యుదయమున రాజధాని చేరి, అచటినుండి విజయవాడ మార్గమున హయత్‌నగరము దాటి పోయితిమి. ఈ నగరమును 1996లో స్థాపించిన చెఱుకూరి రామోజీరావుగారు 2024 జూన్ 8న కాలధర్మము నొందిరి. మా యూరివారికి వారి పేరు క్రొత్తది కాదు. ‘ఈనాడు’ పత్రిక 1974 ఆగస్టు 10న పుట్టినది విశాఖపట్టణముననే. డాబాగార్డెన్సులోని డాల్ఫిన్ హోటలు కూడ వారి సంస్థదే. సితార, తార యను హోటళ్లు ఆ డాల్ఫిన్‌నకు చెల్లెండ్రని మావారు బండిలో చెప్పగా, “అయితే మన ఊరి పిల్లలే” యని మా యత్తగారు తృప్తిపడిరి. 1,666 ఎకరముల యీ స్థలము ప్రపంచమున మిక్కిలి పెద్దదియైన చలనచిత్ర నిర్మాణశాలగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది.

ఇచట విడుదులేల యిన్ని రకములుగా నున్నవో కొంచెమాలోచించిన బోధపడును. చేత కథ పట్టుకొని వచ్చిన నిర్మాత, పూర్తియైన చిత్రముతో వెలుపలికి పోవలెనన్నది దీనిని కట్టినవారి సంకల్పము. అట్లైనచో నాయకుడు మొదలుకొని దీపములు మోయువాని వఱకు అందఱును రాత్రి యెచటనో తల వాల్చవలెను గదా! కావున గొప్పవారికి సితార, నడిమి తరగతివారికి తార, కొలది ఖర్చువారికి శాంతినికేతనము, పెద్ద గుంపులుగా వచ్చువారికి సహారా. మన సమాజమునం దున్న మెట్లన్నియు నచట హోటళ్లై నిలిచియున్నవి. పేరు చెప్పిన చాలును, ఎవరే మెట్టు మీదివారో తెలిసిపోవును.

విడుదులు చూచుటయే యొక వినోదమని నాకు తోపించినది మావారి చెల్లెలు. ఆమె అమెరికాలో ఫ్లారిడాయందున్నది. ఒకనాడు ఫోనులో మాటాడుచు, తాము పిల్లలతో డిస్నీవారి ఉద్యానమునకు పోయినప్పుడు ఒక దినమంతయు హోటళ్లు చూచుటకే వినియోగించితిమని చెప్పినది. ఒంటిపట్టా రైలుబండి ఒక హోటలు నడిమి నుండియే దూరిపోవునట. ఇంకొక దానిలో నడవా తలుపు తెఱచిన జిరాఫీలు మేయుచు కనబడునట. “దిగకపోయినా చూడొచ్చు వదినా, ఒక కాఫీ తాగితే చాలు, ఎవరూ ఏమీ అనరు” అన్నది. ఈ మాట నా మనస్సున నాటినది.

మావారికి ఈ ప్రస్తావన వచ్చినచో లెక్కలు కాక చరిత్ర గుర్తుకు వచ్చును. కాలిఫోర్నియాలో డిస్నీ తన మొదటి యుద్యానమును 1955 జూలై 17న తెఱచినప్పుడు సొమ్మంతయు దానికే చెల్లిపోగా, ప్రక్కనే హోటలు కట్టు పని జాక్ రాథర్ అను టెలివిజను నిర్మాత తలకెత్తుకొనెనట. ఫ్లారిడాలో ఆ తప్పు జరుగనీయక, సుమారు 27 వేల యెకరములు ముందుగా కొని, హోటళ్లను తమ ప్రాకారములోనే కట్టుకొనిరి. అది 1971 అక్టోబరు 1న తెఱవబడినది. అందు కాంటెంపరరీ యను హోటలును కట్టినది యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీవారు. ఉక్కు చట్రమును ముందు నిలిపి, గదులను వేఱొకచోట సిద్ధముచేసి, క్రేనుతో నెత్తి, బీరువాలో సొరుగులు దూర్చినట్లు దూర్చిరట. అదే 1971లో జనవరి 20న మా యుక్కు కర్మాగారమునకు ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి. దానికొఱకు 1966లో జరిగిన ఆందోళనమున 32 మంది ప్రాణములు విడిచిరి. అది జాతికి అంకితమైనది 1992లో. వారి హోటలు ఆ యేటనే తెఱచుకొన్నది, మన కొలిమికి ఇరువదియొక్క సంవత్సరములు పట్టినది అని మావారు నిట్టూర్చిరి. కొలిమికిని హోటలునకును పోలిక యేమని నేనంటిని.

శాంతినికేతనమున మా గది శుభ్రముగ నుండెను. నాకదియే చాలును. మఱునాడు తెల్లవాఱి లేచి చూతును గదా, మా యత్తగారు పక్కబట్టలన్నియు మడిచి, దిండ్లు వరుసగా పేర్చి, స్నానపు గది కడుగుచుండిరి. “అత్తయ్యగారూ, వారే వచ్చి చేయుదురు గదా” యంటిని. “పడుకున్నది మనం, ఎత్తేది వాళ్లా? ఏటనుకుంటారే అమ్మాయీ?” అనిరి. పిమ్మట మంచముపై కూర్చుండి తడి చేతులు చెఱగుతో తుడుచుకొనుచు, “ఇంటికాని చోట నేను అద్దె ఇచ్చి పడుకోడం ఇది రెండోసారి. మొదటిసారి టర్నరు సత్రంలో. మీ మామగారు కె.జి. ఆస్పత్రిలో ఉన్నప్పుడు. పదకొండు రాత్రులు” అనిరి.

నేను కాపురమునకు వచ్చి పదునాలుగేండ్లైనది. మామగారిని నేను చూడలేదు. ఆయన జబ్బు సంగతి వింటిని గాని, ఆ పదునొకండు రాత్రులలో ఈమె యెచట పండుకొనెనో ఎన్నడు నడుగలేదు. పండ్రెండవ రాత్రి మాట ఆమె యెత్తలేదు, నేనును అడుగలేదు. పిల్లవాడు లేచి ఎఱ్ఱ బస్సు పోవునేమో యని గోల పెట్టగా మేము లేచితిమి.

ఆ నాడు చూచినవానిలో మహిష్మతీ నగరము మొదలైనవి యెల్లరెఱిగినవే. బాహుబలి చిత్రములకై వేసిన ఆ కోట బురుజులకంటె నన్నాకర్షించినవి వట్టి ముంగిళ్లు. ఎదుటినుండి చూచిన మేడ. ప్రక్కకు పోయి చూచిన వెనుక నిలువు కఱ్ఱలు, ఇనుప ఊచలు. రైలు స్టేషను కలదు; పేరు బల్ల మార్చినచో ఏ యూరైనను అగును. మావాడు దానిపై విశాఖపట్టణమని వ్రాయించవలెనని పట్టుపట్టెను. అత్తగారు దినమంతయు తిరిగి తిరిగి సాయంకాలమున, “అన్నీ కట్టేరు గానీ సముద్రం ఒక్కటీ కట్టలేకపోయేరు” అని తీర్పు చెప్పిరి. రామకృష్ణా బీచిలో నిసుకపై నిలిపిన కురుసుర జలాంతర్గామిని పదిసార్లు చూచిన మా పిల్లలకది మిక్కిలి న్యాయముగ తోచినది.

మూడవ నాటి యుదయము విడుదుల యాత్ర. సహారాను వెలుపలినుండియే చూచితిమి. ఎచటనుండియో విహారయాత్రకు వచ్చిన పిల్లలు పండ్లు తోముకొనుచు వరుసగా నిలిచియుండిరి. మావారు తమ బడి జ్ఞాపకము వచ్చి వారిని లెక్కపెట్టసాగిరి. తారలో కొంతసేపు కూర్చుంటిమి. మర్యాదగల చోటు, మాబోటివారు సంకోచము లేక కాళ్లు చాపుకొనవచ్చును. అచటనే కాఫీ త్రాగి మరలినచో నీ వ్యాసము వ్రాయు నవసరముండకపోవును. కాని నేను పెండ్లినాటి పట్టుచీరను పెట్టె యడుగున తెచ్చుకొని యుంటిని. అది తారకొఱకు తెచ్చినది కాదు.

సితార గుమ్మము దాటగనే నేల యద్దమువలె మెఱసెను. మా యత్తగారు చటుక్కున నాగి, కుచ్చెళ్లు రెండంగుళములు పైకెత్తి, “ఇది నేలా, నీళ్లా?” అనిరి. నాకు మయసభ తలపునకు వచ్చి నవ్వు వచ్చినది. ఆ నవ్వుతో నా బుద్ధియు జాఱినది. లోపలికి పోవుచు పిల్లలతో, “ఎవరైన నడిగినచో నిచటనే దిగితిమని చెప్పుడు” అంటిని. మావారు నా వంక చూచి, తమకు పత్రిక చదువవలసిన పని యున్నదని దూరముగ నొక కుర్చీ వెదకికొనిరి. మా యమ్మాయి మాత్రము, “ఎందుకమ్మా? ఎవరూ ఏమీ అనరని అత్త చెప్పింది కదా” అన్నది. నిజమే. అడుగువారెవ్వరును లేరు.

అడుగువారు లేకున్నను చెప్పు దౌర్భాగ్యము నాకు పట్టినది. ప్రక్క సోఫాలో నొక కాకినాడ యిల్లాలు కూర్చుండి యుండెను. మంచి మనిషి. నా చీర మెచ్చుకొని, ఏ యూరని యడిగి, “మీ గది ఎన్నో అంతస్తండీ?” అనెను. నేను కనుఱెప్ప కొట్టక “మూడవది” యంటిని. నా కంఠము నాకే వింతగ వినబడెను. అప్పుడే మా యత్తగారు మనుమనితో తిరిగి వచ్చి నా ప్రక్కన కూర్చుండిరి. ఆమె నా మాట వినలేదు. కాకినాడ యామె వారిని మర్యాదగ పలుకరింపగా, “మాది ఇక్కడ కాదమ్మా, శాంతినికేతనంలో దిగేం. మా కోడలు ఇవన్నీ చూపిస్తానని తీసుకొచ్చింది. నేను ఇంత పెద్ద ఇల్లు పుట్టి చూడలేదు. దాని ధర్మమా అని చూసేను” అనిరి.

ఆ మాటలలో నా మెప్పు తప్ప వేఱేమియు లేదు. అదియే నన్ను ఎక్కువ కాల్చినది. కాకినాడ యామె నా వైపు చూడకయే, “చూడవలసిందేనండీ. మోకాళ్ల నొప్పులేమైనా ఉన్నాయా, మెట్లెక్కగలుగుతున్నారా?” యని వారితో సంభాషణ సాగించెను. ఆమె చేసిన యుపకారము నేను మఱవను. కాఫీ వచ్చినది, ముందుంచుకొని చల్లార్చితిని. తల యెత్తగా మా యమ్మాయి నన్నే చూచుచుండెను. అందు కోపము లేదు, వేళాకోళము లేదు. లెక్క తప్పినచోట తండ్రి చూచునట్లు చూచుచుండెను.

దుర్యోధనుడు మయసభలో జాఱిపడెనని మా తండ్రిగారు చెప్పగా చిన్నతనమున నేను చాల నవ్వితిని. తడిసినందుకు కాదు, “నేను నీరు నేలయనుకొంటిని” అని పైకి చెప్పి నవ్వలేకపోయినందుకే ఆయన చెడిపోయెనని యిప్పుడు తోచుచున్నది. మా యత్తగారు ఆ మాట గుమ్మములోనే చెప్పివేసిరి.

ఆ రాత్రి తిరుగు బండిలో మా యమ్మాయి నాయనమ్మ ప్రక్కన చేరి, ఆమె యొడిలో తల పెట్టుకొని పండుకొనెను. ప్రతి ప్రయాణమున నా ప్రక్కన పండుకొను పిల్ల. నేనొక సాకు చెప్పవలెనని రెండుసార్లు నోరు తెఱచి, బండి చప్పుడు ఎక్కువగ నున్నదని మూసికొంటిని.

సెలవులు ముగిసిన వారమునకు, వేసవిలో సితారలో దిగిన యా పిల్ల మా యింటికి వచ్చినది. నేను వంటింట నుంటిని. “మీరెక్కడ దిగేరు?” అని యా పిల్ల యడుగుట, మాది తడవుకొనకుండ, “శాంతినికేతనంలో. సితార చూసొచ్చేం. మా మామ్మ అక్కడ నేల చూసి నీళ్లనుకుంది” అని చెప్పుట, ఇద్దఱును పకపక నవ్వుట వినబడెను. పిమ్మట “మీ అమ్మేమంది?” అని ప్రశ్న. కొంచెము సేపు మాట లేదు. “మా అమ్మ పట్టుచీర కట్టుకుంది. చాలా బాగుంది” అన్నది.

పొయ్యి మీద పప్పు మాడువాసన వచ్చుటచే నేను వారి తక్కిన మాటలు వినలేదు.