బళేపేటలో మూగ తంబూరా

ఆగస్టు 4, 2025

చిక్కపేట మెట్రోలో దిగి బళేపేటకి నడక. శుక్రవారం వరమహాలక్ష్మి పండగ, పట్టుచీరల కొట్ల ముందు కాలు పెట్టే సందు లేదు. వాయిద్యాల కొట్టు మీద అంతస్తులో నాకో బల్ల వేశారు. కింద ఎవరో తబలాకి సుత్తి వేస్తున్నారు, ఆ చప్పుడు మెట్లెక్కి వస్తోంది.

యజమానిది హిందూపురం. ఆయన వెబ్‌సైటులో ప్రతి తంబూరా ఫొటో కింద దాని నాదం వినిపించే మీట ఉంది. ఒకదానిది మాత్రం ఎంత నొక్కినా పలకదు. "చూసి కొనేది కాదప్పా ఇది, వినాల. వినపడకపోతే మైసూరాయన ఎందుకు కొంటాడు?" అన్నాడు. నిజమే. సర్వరు పంపిన బైట్లు బ్రౌజరుకి ఏ రూపంలో చేరుతున్నాయో ఉన్నవున్నట్టు పట్టి దాచే చిన్న ఎక్స్‌టెన్షన్ రాద్దామని కూర్చున్నాను. అక్షరాలైతే ఎవరైనా పడతారు. ధ్వని, బొమ్మ, ఫాంటు లాంటి బైనరీలతోనే చిక్కు.

ఆగస్టు 5

క్రోమ్ డెవ్‌టూల్స్ ఎక్స్‌టెన్షన్లకి ఒక దారి ఇస్తుంది. ఒక్కో రిక్వెస్టు ముగియగానే కబురందుతుంది. ఆ కబురులో హెడర్లు, సమయాలు, సైజులు ఉంటాయి, అసలు సరుకు ఉండదు. భారం తగ్గించడానికే అలా చేశారు. సరుకు కావాలంటే గెట్‌కంటెంట్ అని మళ్ళీ అడగాలి. అప్పుడు రెండు చేతికొస్తాయి: కంటెంటు, ఎన్‌కోడింగు. మామూలు పాఠమైతే రెండోది ఖాళీ. బైనరీ అయితే అందులో 'బేస్64' అని ఉంటుంది.

ఆ రెండోదాన్ని పట్టించుకోని కోడ్ ఎంత చూశానో! కంటెంటు అందగానే దాన్నే ఫైలులో పోసి, చివర 'వేవ్' అని తగిలిస్తారు. తెరిచి చూస్తే మొదట యూ, చిన్న కె, చిన్న ఎల్, జీ, ఆర్. వేవ్ ఫైలు మొదట్లో ఉండే 'రిఫ్' (RIFF) అన్న నాలుగు అక్షరాలు బేస్64 వేషంలో అలా కనిపిస్తాయి. వేషం తీయకుండా పాడమంటే ఏ ప్లేయరూ పాడదు.

వేషం తీయడంలోనూ ఒక గొయ్యి ఉంది. బ్రౌజరులోని ఎటాబ్ ఇచ్చేది బైట్లు కాదు, ఒక స్ట్రింగు. దాన్ని సూటిగా బ్లాబ్‌లో పెడితే 127 దాటిన ప్రతి బైటూ యూటీఎఫ్-8లో రెండు బైట్లవుతుంది. ఫైలు ఉబ్బుతుంది, పాట పోతుంది. ఒక్కో అక్షరం కోడు తీసి యూఇంట్8ఎర్రేలో పేర్చాలి. రెండు వరుసల పని, చాలామంది చేయరు.

ఆగస్టు 6

పట్టిన బైట్లని ప్యానెల్ నుంచి సర్వీస్ వర్కరుకి పంపాలి. క్రోమ్‌లో సెండ్‌మెసేజ్ దేన్నైనా జేసన్‌గా మార్చి పంపుతుంది. ఎర్రేబఫర్‌ని ఇస్తే అవతల ఖాళీ బ్రాకెట్లు తేలతాయి. తప్పు జరిగిందన్న మాటైనా రాదు. ఈ మౌనమే నాకు నచ్చనిది. కసిరితే సర్దుకుంటాం, ఊరుకుంటే మధ్యాహ్నం పోతుంది.

అందుకని బేస్64నే అటూ ఇటూ తిప్పి, చివరి మజిలీలో మాత్రమే విప్పడం మేలు. కింద వీణని లారీకెక్కించే ముందు గడ్డి చుడుతున్నారు, అలాంటిదే ఇదీ. మూడు బైట్లకి నాలుగు అక్షరాలు, అంటే మూడో వంతు బరువు ఎక్కువ. మెసేజి 64 మెబీబైట్లు దాటకూడదు. తంబూరా ముక్కలకి ఆ బెంగ లేదు.

ఆగస్టు 7

వస్తువుల పేర్లు సైటులో కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్నాయి. అన్నిటినీ బేస్64లో పెట్టి చూస్తుంటే ఒక తమాషా. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, అంటే సరిగ్గా నాలుగు బేస్64 అక్షరాలు. తెలుగు 'అ' 4, ఎల్, సీ, ఎఫ్. కన్నడ 'అ' 4, ఎల్, కే, ఎఫ్. తేడా అంతా మూడో స్థానంలోనే. యూనికోడ్‌లో రెండు లిపులూ పక్కపక్క గదులు: తెలుగు 0సీ00 నుంచి, కన్నడ 0సీ80 నుంచి, లోపలి వరస ఒకటే. మధ్యలో ఒక్క ఖాళీ జాగా వస్తే చాలు, మూడేసి లెక్క జరిగిపోయి ఈ పోలిక కంటికి దొరకదు.

ఆగస్టు 9

దొరికింది. పలకని తంబూరా ఫైలుని పట్టి, హెక్సులో పరిచాను. మొదట 52 49 46 46, అంటే రిఫ్. అంతా బాగుందనిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే సెకనుకి 44,100 నమూనాలని చెప్పే చోట 44 ఏసీ ఉండాలి. అక్కడ 44, ఆ వెంటనే ఈఎఫ్ బీఎఫ్ బీడీ. ఆ తర్వాత ఫైలు నిండా అదే త్రయం.

అది యూనికోడ్‌లో 'ఇక్కడేదో చదవలేకపోయాను' అనే గుర్తు. ఎవరో, ఎక్కడో, ఈ ధ్వనిని యూటీఎఫ్-8 పాఠంగా చదివి తిరిగి రాశారు. ఏసీ అనే బైటు ఒంటరిగా యూటీఎఫ్-8లో చెల్లదు, కాబట్టి దాని చోట గుర్తు పడింది. మిగతా చెల్లని బైట్లకీ అదే గతి. ఎటాబ్ గొయ్యిలో పడింది వెనక్కి తీయవచ్చు. ఇది తీయలేం, ఏ గుర్తు కింద ఏ బైటుందో ఎక్కడా మిగల్లేదు.

నా ఎక్స్‌టెన్షనే పాడుచేసిందేమో? గెట్‌కంటెంట్ బేస్64 అని చెప్పి ఇచ్చింది, నేను విప్పాను. ఆ దారిలో ఈ త్రయం పుట్టే వీలు లేదు. పక్క తంబూరాల ఫైళ్ళు అదే దారిన శుభ్రంగా వచ్చాయి. సర్వరులో ఉన్నదే అలా ఉంది.

పీఎన్‌జీ రూపకర్తలు ఇలాంటిది ముందే ఊహించారు. బొమ్మలో మొదటి బైటే 89, ఆస్కీకి అవతలిది, పాఠంగా ముట్టుకుంటే అక్కడే విరుగుతుంది. వెనకాలే వరుస విరుపు గుర్తులు కూడా పెట్టారు, వాటిని మార్చే తెలివితేటల్ని పట్టడానికి. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం ఇచ్చిన రిఫ్‌కి ఆ జాగ్రత్త లేదు. నాలుగు మంచి అక్షరాలతో తలుపు తీసి లోపలంతా చెత్త చూపిస్తుంది.

ఆగస్టు 11

ఫైర్‌ఫాక్స్‌లో ఈ పని హాయి. ఫిల్టర్‌రెస్పాన్స్‌డేటా అని అడిగితే సరుకు ఎర్రేబఫర్ ముక్కలుగా వస్తుంది, స్ట్రింగు ఊసే లేదు. 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షనుతో మొదలు. ఆ వెర్షనే పాతకాలం ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేసింది. నాగార్జున వెన్న రాసిన 'పద్మ' ఆ పాత తరంలోది. ఈనాడు సొంత ఫాంటు కోడులో వచ్చే రోజుల్లో దాన్ని బ్రౌజరులోనే యూనికోడ్‌గా మార్చేది. బైటుకి అర్థం ఫాంటులో దాగి ఉన్న కాలం చూసిన మనవాళ్ళకి ఈ తిప్పలు కొత్తేమీ కాదు. క్రోమ్‌లో మాత్రం ఫిల్టర్‌రెస్పాన్స్‌డేటాకి జోడు లేదు. డీబగ్గర్ దారి పట్టవచ్చు, గెట్‌రెస్పాన్స్‌బాడీ అక్కడా బేస్64 అవునో కాదో చెబుతుంది. కానీ బ్రౌజరు నెత్తిన డీబగ్ చేస్తున్నామనే పట్టీ వేలాడుతుంది, కొట్టుకి వచ్చినవాళ్ళు కంగారు పడతారు.

యజమానికి చెప్పాను, ఫైలు బతకదు, కొత్తగా రికార్డు చేయాలని.

"దాన్ని శనివారమే తీసుకపోయినారప్పా, చిత్తూరాయన. కొట్లో వాయించి చూసుకున్యాడు."

మీటతో సహా పేజీ తీసేశాను.